ఐదుగురి సారు

"ఇండియాకు ఆడిన టెస్ట్ బ్యాట్స్‌మెన్‌లో టాప్ ఐదుగురు ఎవరప్పా?"

కడపలో ఎవరైనా మిమ్మల్ని ఇలా అడిగితే దయచేసి జవాబు చెప్పకండి. అడిగినాయనకు కావలసింది జవాబు కాదు. మీరు మూడో పేరు చెప్పేటప్పుడు "ఆగాగు" అని చెయ్యెత్తే సందు కావాలి, అంతే.

ఈ జాతి వాళ్ళు ఊరికొకరు ఉంటారు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ దగ్గర ఒకాయన, రాజంపేట బస్టాండులో ఒకాయన. కడపలో ఉన్నాయనది మాత్రం జిల్లా కేంద్రం స్థాయి. ఏడు రోడ్ల కూడలికి కాస్త ఇవతల, సాయంత్రం పూట కారం దోశలు వేసే బండి పక్కన బెంచీ మీద ఉంటాడు. రిటైరై చాలా కాలమైంది. ఏ ఆఫీసులో పనిచేశాడో ఆ బండి దగ్గర ఎవరికీ తెలీదు. 1983లో మార్షల్ బంతికి గవాస్కర్ చేతిలోని బ్యాట్ ఎగిరిపడింది కాన్పూర్‌లో అన్న సంగతి మాత్రం, ఆయన పుణ్యమా అని, దోశలు తిరగేసే అన్నకు కూడా తెలుసు. అందరూ ఆయన్ని ఐదుగురి సారు అంటారు. వెనకాల కాదు, ముఖానే.

సారు లిస్టులో నాలుగు సీట్లు ఎప్పుడో నిండాయి: గవాస్కర్, విశ్వనాథ్, టెండూల్కర్, ద్రవిడ్. గవాస్కర్ ఒకటో నంబరు దిగడు, మిగతావాళ్ళ వరుస రోజును బట్టి మారుతుంటుంది. ఐదో సీటు ఖాళీ. ఖాళీ అంటే, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి ఆపిపెట్టిన సీటు ఉంటుందే, అట్లా ఖాళీ. ఎవరికని అడిగితే "వస్తాండారులే" అంటాడు. ఇంతకాలంగా ఆ తువ్వాలు తీసి కూర్చోబోయినవాళ్ళు ఎందరో. వెంగ్‌సర్కార్ లార్డ్స్‌లో మూడు సెంచరీలు పట్టుకొని వచ్చాడు, లేపేశాడు. సెహ్వాగ్ రెండు ట్రిపుల్ సెంచరీలతో వచ్చాడు, "కాలు కదపడప్పా" అని లేపేశాడు. 2008లో సెహ్వాగ్ 319 కొట్టింది చెపాక్‌లో. కాలు కదపకుండానే అంత కొడితే కదిపింటే ఎంతయ్యేదో అని దోశల అన్న ఒకసారి అడిగినందుకు, ఆ రోజు దోశలో ఉప్పు ఎక్కువైందని సారు తీర్పిచ్చాడు.

చెపాక్ అంటే సారుకు పుణ్యక్షేత్రం. కడప ముంబై-చెన్నై రైలు దారిలో ఉండటం వల్ల, ఇక్కడివాళ్ళకు ఒకప్పుడు టెస్ట్ మ్యాచ్ చూడాలంటే అదే దగ్గర. 1975 జనవరిలో అక్కడే వెస్టిండీస్ మీద ఇండియా 190కి ఆలౌటైతే అందులో 97 విశ్వనాథ్‌వి, నాటౌట్. రాబర్ట్స్ ఏడు వికెట్లు తీసిన ఇన్నింగ్స్ అది. ఆ రోజు తాను మైదానంలో ఉన్నానని సారు చెబుతాడు. ఆయన ఈడు వాళ్ళు ఎవర్ని కదిపినా ఉన్నామనే చెబుతారు. వీళ్ళంతా నిజంగా బయలుదేరి ఉంటే ఆ రైలు రేణిగుంట దాటేది కాదు. నా అనుమానం, సారు ఆ 97ను రేడియోలో చూశాడు. స్క్వేర్ కట్ కొట్టేటప్పుడు విశ్వనాథ్ మణికట్టు ఎట్లా తిరిగిందో చేసి చూపిస్తాడు కాబట్టి చూశాడనే అనాలి.

ఇక వాదించే పద్ధతి. సారు దగ్గర కొలబద్దలు బోలెడు. ఎవరిని లేపాలో ముందు తేల్చుకొని, దానికి తగిన కొలబద్ద తీస్తాడు.

డిగ్రీ చదివే కుర్రాడొకడు రోజూ కోహ్లీ తరఫున వస్తాడు. 123 టెస్టులు, 30 సెంచరీలు, ఏడు డబుల్ సెంచరీలు అని చదువుతాడు.

"సగటెంత?"

"46 దాటింది సార్."

"యాభై ల్యా! యాభై లేనోడు టాప్ ఐదుగురిలోకి ఎట్లొస్తాడప్పా?"

"విశ్వనాథ్‌కు 42 కూడా లేదు కద సార్?"

"సగటు చూసి బ్యాట్స్‌మన్‌ను కొలిచేది నువ్వొకడివే. ఎవరి బౌలింగ్‌లో కొట్టినాడో చూడాల!"

ఇంకోనాడు ఎవరో టెండూల్కర్‌ను గవాస్కర్ పక్కన నిలబెట్టారు. 200 టెస్టులు, 51 సెంచరీలు. సారుకు టెండూల్కర్ అంటే ప్రేమే, అయితే రెండో నంబరు దాకానే. "1999లో చెపాక్‌లో పాకిస్తాన్ మీద 136 కొట్టె. గెలిపించెనా? పన్నెండు పరుగులతో ఓడిపోతిమి." మరి 1987లో బెంగుళూరులో అదే పాకిస్తాన్ మీద గవాస్కర్ 96 కొట్టినా పదహారు పరుగులతో ఓడిపోయాం కదా అని అడిగారు. అది గవాస్కర్ ఆఖరి టెస్టు. సారు చాలాసేపు దోశ నమిలాడు. "అది వేరే" అన్నాడు. ఎట్లా వేరేనో చెప్పలేదు. 1979 ఓవల్‌లో 438 కొట్టాల్సి ఉండగా గవాస్కర్ 221 చేసి, జట్టు 429 దగ్గర ఆగిపోయి మ్యాచ్ డ్రా అయిన సంగతి ఎత్తితే మాత్రం, "డ్రా చేసేది కూడా ఒక గెలుపే" అంటాడు. కుర్రాడు ఫోన్ తీయబోతే చెయ్యి అడ్డం పెడతాడు. "ఫోన్లో ఉండేది స్కోరు. ఆట యాడుంటాదప్పా అందులో?"

అజహరుద్దీన్ పేరొస్తే సారు గొంతు తగ్గిస్తాడు. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, ఆఖరి టెస్టులోనూ సెంచరీ, అత్యధిక స్కోరు 199, ఆడినవి 99 టెస్టులు. 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేసింది, 2012లో హైకోర్టు అది చెల్లదంది. సారు కోర్టులో ఆ కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

లక్ష్మణ్ విషయం అంతకన్నా చిక్కు. 2001 కోల్‌కతాలో ఫాలో ఆన్ ఆడుతూ 281 కొట్టినప్పుడు ఆ ఐదో సీటు మీది తువ్వాలు తీసినంత పనిచేశాడట సారు. ద్రవిడ్‌తో కలిసి 376 పరుగుల భాగస్వామ్యం, నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు, ఇండియా 171 పరుగులతో గెలిచింది. అప్పుడు హైదరాబాద్ మన రాజధాని కాబట్టి లక్ష్మణ్ మనవాడు. 2014 తర్వాత? నీళ్ళ పంపకం, కరెంటు పంపకం అన్నీ విభజన చట్టంలో ఉన్నాయి. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు నిండా సంస్థల పేర్లున్నాయి. లక్ష్మణ్ ఎవరికి వచ్చాడో ఎక్కడా లేదు. "ఉమ్మడి ఆస్తి" అని సారు రూలింగ్. ఉమ్మడి ఆస్తిని సొంత లిస్టులో వేసుకుంటే న్యాయం కాదని మళ్ళీ ఆయనే పక్కన పెట్టాడు.

ఆంధ్ర వాటా కింద ఎవరున్నారంటే సారు విహారిని చెబుతాడు. 2021 సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి 23 పరుగులతో నాటౌట్. ఆ ఇన్నింగ్స్‌లో పరుగుల గురించి అడిగినవాణ్ణి సారు మనిషిగా చూడడు. నాకు అర్థమైనంతవరకు, సారు ప్రాణం అక్కడే ఉంది. బంతిని వదిలేసేవాడు, ఒంటికి తగిలించుకునేవాడు, సాయంత్రం దాకా ఉండేవాడు ఆయనకు కావాలి. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టినప్పుడు, పేరు చివర చూసి చుట్టరికం కలుపుకున్నవాళ్ళు మా జిల్లాలో చాలామందే తేలారు. బండి దగ్గర అందరికీ ఎవరో దోశలు చెప్పారు. సారు దోశ తిన్నాడు గానీ పొగిడింది ఇంకొకర్ని. నితీశ్ 99 మీద అవతల నిలబడి ఉంటే, ఆఖరివాడు సిరాజ్ కమిన్స్‌వి మూడు బంతులు కాచుకున్నాడు. "ఆ మూడు బంతులుండాయి చూడు, అదప్పా బ్యాటింగ్!"

ఇంత టెస్టు పిచ్చి ఉన్నాయన రంజీ మ్యాచ్‌లకు పోతాడనుకుంటాం. వై.ఎస్. రాజారెడ్డి స్టేడియం ఊళ్ళోనే ఉంది, రంజీలు అక్కడ జరిగాయి కూడా. రమ్మని పిలిస్తే "ఎండప్పా" అంటాడు. కడపలో ఎండకు భయపడే మనిషి బెంగుళూరు పిచ్ మీద దుమ్ము గురించి గంట మాట్లాడగలడు. ఇంగ్లండ్‌లో వాన పడి ఆట ఆగితే మాత్రం ఆయన బాధ చూడాలి. "ఆ వాన మాంచెస్టర్‌లో యాల పడాల? పులివెందల్లో పడగూడదా?"

ఆ ఐదో పేరు ఆయన ఎన్నటికీ చెప్పడని నేను ఎప్పుడో తేల్చుకున్నాను. చెబితే రేపు సాయంత్రం బెంచీ మీద కూర్చొని చేసే పనేముంది? దోశల అన్న కూడా గట్టిగా అడగడు. వాదన ముదిరితే రెండో దోశ చెబుతారని ఆయన లెక్క ఆయనది.

మొన్న ఒక సాయంత్రం సారు మనవరాలు వచ్చింది. కోచింగ్ నుంచి వస్తున్నట్టుంది, భుజాన కిట్ బ్యాగ్.

"తాతా, అవ్వ రమ్మంటాంది."

"ఐదు నిమిషాలమ్మా. ఐదో పేరు కాడుండాం."

"మిథాలీ రాజ్‌ను రాసుకో మరి. హైదరాబాదే కదా. 2002లో టాంటన్‌లో 214 కొట్టె. టెస్టే. అప్పటికి ప్రపంచ రికార్డు."

బెంచీ మీద ఎవరూ మాట్లాడలేదు. సారు నవ్వి, "సగటెంతమ్మా?" అన్నాడు.

"43 దాటింది. విశ్వనాథ్‌ది ఎంత తాతా?"

కుర్రాడు దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు.

"సగటు కాదు లేమ్మా. ఎవరి బౌలింగ్‌లో..."

"ఇంగ్లండ్‌లో, ఇంగ్లండ్ మీద."

"గెలిపించెనా?"

"డ్రా. డ్రా చేసేది కూడా గెలుపేనంటివి కదా మొన్న, ఓవల్ కత చెప్తా?"

సారు దోశల అన్న వైపు చూశాడు. ఆయన పెనం తుడవడంలో మునిగిపోయాడు. కొలబద్దలన్నీ అయిపోయాయి. అప్పుడు సారు ఎన్నడూ చేయని పని చేశాడు. కుర్రాడి వైపు వంగి, "అప్పా, టాంటన్‌లో ఆ పొద్దు పిచ్ ఎట్లుండెనో ఫోన్లో చూడు" అన్నాడు.

మనవరాలు కిట్ బ్యాగ్ దించి బెంచీ చివర కూర్చుంది.

"నాక్కూడా ఒక కారం దోశ చెప్పు తాతా. షెఫాలీ వర్మ 205 గురించి ఇంకా చెప్పనే లేదు. 2024లో, సౌతాఫ్రికా మీద. పది వికెట్లతో గెలిచినారు."

"యాడ?"

"చెపాక్‌లో."