పడమటి గట్టున తూర్పు

2022 ఏప్రిల్ 3 రాత్రి పశ్చిమగోదావరి జిల్లాలో పడుకున్న కొవ్వూరోళ్లు, తెల్లారి తూర్పుగోదావరిలో లేచారండి. గోదారి పక్కకి జరగలేదు, ఊరూ కదల్లేదు. జిల్లాల్ని 26 చేసే పనిలో కొవ్వూరు, నిడదవోలు పడమటి గట్టునే ఉండి తూర్పు అయిపోయాయి. ఆయ్, దిక్కు మారింది గానీ ఎటకారం మారలేదు, పులుసులో పులుపూ మారలేదు.

అలాంటి ఊళ్లో కూర్చుని టీవీ పెడితే, విశ్లేషకుడు గారు రాష్ట్రాన్ని పుచ్చకాయ కోసినట్టు కోస్తుంటారు. సీమ గుండె వేరట, గోదారోళ్ల నాలుక వేరట. సీమ ఒక పార్టీకి కంచుకోటట, మేమేమో గాలివాటమట.

సరే, కోట సంగతి చూద్దాం. 2019లో సీమలో 52 సీట్లకి వైసీపీకి 49 వచ్చాయి. మా ఉమ్మడి గోదావరి జిల్లాల్లో 34కి 27. 2024కి వచ్చేసరికి కంచుకోటలో మిగిలినవి 7, మా దగ్గర గుండుసున్నా. ఏడుకీ సున్నాకీ తేడా లేదా అంటే ఉంది, కారం ఒక గరిట ఎక్కువ పడ్డంత. కూర మాత్రం ఒకటే, మాడిందీ ఒకే పొయ్యి మీద.

రాష్ట్రాలు విడదీసినప్పుడూ ఇంతే. 2014లో భద్రాచలం రాముణ్ణి తెలంగాణలో ఉంచి, ఆయన మాన్యాలున్న పురుషోత్తపట్నాన్ని ఆంధ్రాలో కలిపారు. దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన పొలం ఇంకో రాష్ట్రంలో! సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర మాత్రం తెలంగాణ నంబరు కార్లు బారులు తీరతాయి, లాడ్జీలో గది దొరకదు. కోడికి కత్తి కట్టేవాడు పందెం డబ్బు ఏ ప్రాంతానిదని అడిగిన పాపాన పోడు.

లోతైన చీలికే కావాలంటే అంత దూరాలు తిరగక్కర్లేదండి. అదే 2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తున్నారని అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఆ గొడవ సీమకీ కోనసీమకీ కాదు. ఊరికీ పేటకీ మధ్య ఎంత దూరముందో, ఒకే కాలవ నీళ్లు తాగేవాళ్లకి ఆ పొగలో కనిపించింది.

మ్యాపులో ఆ గీత ఏ రంగులో వేస్తారని విశ్లేషకుడు గారిని అడుగుదామనుకున్నాను. ఇంతలో బ్రేక్ వచ్చింది.