థియేటర్‌కి వెళ్దాం బాబాయ్!

న్యూజెర్సీ నుంచి విజయవాడ పటమటలో దిగిన అబ్బాయి పొద్దున్నే ప్లాను చెప్పాడు. "పగలు ఊరు చూద్దాం, సాయంత్రం థియేటర్‌కి వెళ్దాం."

"ఏ సినిమా?" అన్నాడు బాబాయి.

సినిమా కాదట, నాటకమట! బాబాయికి ఇడ్లీ ముక్క గొంతుకు అడ్డం పడింది. ఆయన తప్పేం లేదు. 1921లోనే మారుతీ టాకీసు కట్టుకున్న ఊరిది. ఇక్కడ థియేటరంటే ఇంటర్వెల్లూ, సమోసా.

బెంజి సర్కిల్ దాటేసరికే సగం పొద్దయింది. పీఠంతో కలిపి 206 అడుగుల అంబేడ్కర్ విగ్రహం దగ్గర సెల్ఫీ, కొండ మీద అమ్మవారి దర్శనం, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి. గుహలో అనంతశయనుణ్ణి చూసి కుర్రాడు, "హారన్లు వినపడకుండా నిద్రపోతున్నది ఈయనొక్కడే" అన్నాడు.

సాయంత్రం ఎలాగో నాటకం దొరికింది. ఏడింటికి తెర లేచింది. వేదిక మీద పద్నాలుగు కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, పరిచయాలు, ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, గ్రూపు ఫొటో. తొమ్మిదిన్నరకి జనం లేచారు. కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

"బాగా చేశారు బాబాయ్! అందరికీ ఒకటే కాస్ట్యూమ్, శాలువా. కథే సరిగ్గా అర్థం కాలేదు."

అప్పుడు తెరచాటు నుంచి, మొహాన రంగు కారుతూ, దుర్యోధనుడు తొంగిచూశాడు. హాల్లో ఉన్నది వీళ్లిద్దరూ, తాళాల గుత్తితో వాచ్‌మనూ.