కాగితము ముందు: ఒక చాటువుకు టీకా తాత్పర్యం

మూలం

నూరు మార్కర్లు కొనితెచ్చి నోటుబుక్కు
పుటను పూవును దిద్దగా పొంగి పొరలి
వెనుక పుటలోన మొలకెత్తె వేరు పువ్వు
కాగితము ముందు కొనవయ్య కలరసికుడ!

అవతారిక

ఈ తేటగీతి కర్త ఎవరో తెలియదు. బొమ్మల సామగ్రి అమ్మే దుకాణం బిల్లు వెనకాల మార్కరుతో రాసి ఉండగా దొరికింది. సిరా ఇవతలికి దిగి, బిల్లు మొత్తం ఎంతయిందో కనపడకుండా చేసింది. కవి కావాలనే అలా రాశాడని ఒక వాదం ఉంది. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం చేశాడు. మొదటి నియమం మాకూ సమ్మతమే. రెండోది పాటిస్తే మార్కర్ల మీద టీకా రాయడమే కుదరదు.

ప్రతిపదార్థం

కలరసికుడ = రంగుల మీద మోజుగల ఓ మహానుభావా; నూరు మార్కర్లు = లెక్కకు మించిన మార్కర్లను; కొనితెచ్చి = బోనసు పడిన రోజే కొని; నోటుబుక్కు పుటను = పిల్లవాడి లెక్కల పుస్తకంలో మిగిలిపోయిన పేజీ మీద; పూవును = మందారమో గులాబీయో తేలని ఒక పువ్వును; దిద్దగా = రంగు మీద రంగు పూయగా; పొంగి పొరలి = సిరా గీత దాటి పారి; వెనుక పుటలోన = ఆ పేజీ వెనకవైపున; వేరు పువ్వు = మరొక పువ్వు; మొలకెత్తె = పుట్టింది; ముందు = మార్కర్లకన్నా మునుపు; కాగితము = తగిన కాగితాన్ని; కొనవయ్య = కొనుక్కో నాయనా.

తాత్పర్యం

డబ్బంతా మార్కర్లకు పోసి, కాగితం దగ్గర పిసినారితనం చూపితే ఒక బొమ్మ వేయబోతే రెండు బొమ్మలవుతాయి, రెండూ పనికిరావు.

విశేషాలు

నూరు: సరిగ్గా నూరా, 'బోలెడు' అనే అర్థమా అని శంక. సెట్లు ఎక్కువగా 12, 24, 36, 60, 120 ఇలా డజన్ల లెక్కన వస్తాయి కనుక 'బోలెడు' అనే తీసుకోవాలి. జపాన్ వారి కోపిక్ స్కెచ్ వరుసలో 358 రంగులున్నాయి. ఒక్కొక్కటి వందల్లో ఉంటుంది, అన్నీ కొంటే లక్ష దాటుతుంది. అందులో పక్కపక్క రంగుల తేడా కంటికన్నా మూత మీది నంబరుకే బాగా తెలుస్తుంది. ఆ నంబరు చదవడం రానివాడే సెట్టు మొత్తం కొంటాడని పెద్దలంటారు. దాన్ని చదివే పద్ధతి ఇది. మొదటి అక్షరం రంగు కుటుంబం, బి అంటే నీలం, ఇ అంటే మట్టిరంగులు. తరువాతి అంకె పెరిగేకొద్దీ రంగులో బూడిదతనం పెరుగుతుంది. చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. బి 21, బి 24, బి 26 అనే మూడు చేతిలో ఉంటే వెలుగు, నడిమి ఛాయ, నీడ మూడూ సమకూరి, ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. నీలానికి మూడు, ఆకుపచ్చకు మూడు, ఎరుపుకు మూడు, మట్టిరంగుకు మూడు, బూడిదకు మూడు. పదిహేనుతో ఏడాది గడుస్తుంది. మిగిలిన ఎనభై అయిదూ అలంకారార్థమే.

మార్కర్లు: ఇక్కడ స్కూలు పిల్లల నీటి స్కెచ్ పెన్నులు కావు. ఆల్కహాలులో రంగు కలిపినవి, ఒక కొసన కుంచె మొన, మరో కొసన పలక మొన ఉండేవి. ఈ కోపిక్ 1987లో పుట్టింది. జిరాక్స్ తీసిన గీతబొమ్మ మీద రంగు వేసినా నల్లగీత కరగకపోవడం దీని విశేషం, 'కాపీ' అన్న మాటలోంచే దానికి ఆ పేరు వచ్చింది. ఇక్కడ పూర్వపక్షి లేచి, 'జిరాక్స్ కోసమే పుట్టినదాన్ని జిరాక్స్ కాగితం మీద వాడితే తప్పేమిటి?' అంటాడు. సమాధానం: కరగనిది టోనరు గీత. కాగితం గురించి ఆ కంపెనీ ఏ హామీ ఇవ్వలేదు.

దిద్దగా: కవి 'గీయగా' అనలేదు. ఇందులోనే పద్యమంతా ఉంది. నీటి స్కెచ్ పెన్నుతో ఒకేచోట రెండుసార్లు రుద్దితే కాగితం పొట్టు లేస్తుంది. ఆల్కహాలు సిరా అలా కాదు, కొత్త పూత పాత పూతను మళ్ళీ తడిపి కరిగిస్తుంది. అందుకే చారలు మాయమై, ఛాయలు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఈ గుణం కోసమే జనం అంత డబ్బు పోస్తారు. కానీ దిద్దిన ప్రతిసారీ కాగితంలోకి ఇంకాస్త సిరా దిగుతుంది. మూడో పూతకు నోటుబుక్కు పేజీ చేతులెత్తేస్తుంది. మంచి మార్కరు మంచితనమే చవక కాగితానికి శత్రువన్నమాట.

పొంగి పొరలి: పొంగడం వేరు, పొరలడం వేరు. గీత దాటి పక్కలకు పాకడం పొంగడం, వెనక్కి దిగడం పొరలడం. రెండింటికీ కారణం ఒకటే. రాతకాగితం తయారీలో సిరా పాకకుండా గంజిలాంటి పదార్థాలు కలుపుతారు. అది నీటి సిరాను ఆపడానికి చేసిన ఏర్పాటు. నీటి తలతన్యత ఆల్కహాలుకున్నదానికి మూడింతలకు పైగా ఉంటుంది, అందుకే నీరు కాసేపు బొట్టుగా నిలబడుతుంది. ఆల్కహాలు ఆ కాపలాను ఖాతరు చేయదు. తగలగానే పీచుల సందుల్లోకి జారుకుంటుంది.

వేరు: మరొకటి అనీ, చెట్టు వేరు అనీ రెండర్థాలు. సిరా కిందికి దిగింది కనుక రెండోది కూడా పొసగుతుంది. ఇంతకన్నా చెప్పవలసిన పని లేదు.

అలంకారం: కారణం లేకుండానే వెనక పేజీలో పువ్వు పుట్టింది కనుక విభావన అని కొందరు. అది నిలవదు, కారణం ముందు పేజీలో కళ్ళెదుటే ఉంది. కారణం ఒకచోట, కార్యం మరోచోట కనుక ఇది అసంగతి. ఇక ధ్వని సంగతి. కవి రెండు పువ్వుల దగ్గర ఆగినా, మూడోది బల్ల మీద పూసిందని సహృదయులకు తెలియకపోదు.

వక్త ఎవరు? 'కొనవయ్య' అన్న పిలుపును బట్టి భార్య కాదు, ఆమె అయితే 'కొనండి' అనేది, అదీ అనకపోవచ్చు. దుకాణదారు కాడు, మార్కర్లు అమ్ముకునేవాడు ఈ సలహా ఇవ్వడు. కనుక మామగారు. ఆ బల్ల పెళ్ళి సారెలో ఇచ్చిన టేకు బల్ల అయివుంటే పద్యంలోని ఆవేదనకంతటికీ అన్వయం కుదురుతుంది.

కాగితము ముందు: ఈ పద్యానికి ఇది ప్రాణం. తెలుగుదేశపు చిత్రకారులకు ఇది కొత్త మాటేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కలం అంటే వెదురు పుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి, దారంతో బిగించినది. దాన్ని రంగులో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తారు. మన మార్కరుకు తాతగారు ఆయనే. అయితే ఆ కలం పట్టకముందే గుడ్డను పాలు, కరక్కాయ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెడతారు. రంగు పాకకుండా నిలవడానికే ఈ తతంగం. చేర్యాల నకాషీలూ అంతే. ఖాదీ గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పూసి, నునుపు తేలాకే గీత మొదలు. ఈ రెండుచోట్లా బొమ్మకన్నా ముందు గుడ్డ తయారీకి శ్రమపడతారు. మనవాడు ఆ శ్రమ కూడా పడనక్కర్లేదు, డబ్బిస్తే తయారుగా దొరుకుతుంది. అయినా దాన్ని వదిలి 121వ రంగు కొంటాడు.

ఏ కాగితం అంటే, ముందు జిఎస్ఎమ్ అర్థం కావాలి. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నదే ఆ లెక్క. 16 ఎ4 కాగితాలు కలిస్తే ఒక చదరపు మీటరు, కనుక 80 జిఎస్ఎమ్ జిరాక్స్ కాగితం ఒక్కోటి 5 గ్రాములు, 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. ఈ లెక్క నేర్చిన మరుక్షణం మనవాడు 'బరువెక్కువైతే మంచిది' అని తేల్చి 300 జిఎస్ఎమ్ గరుకు వాటర్‌కలర్ కాగితం తెస్తాడు. అది సిరాను దాహంగా తాగుతుంది, ఆ గరుకుకు కుంచె మొన పీచులు లేస్తుంది. మార్కరుకు కావలసింది బరువుకన్నా నునుపు. మార్కర్ల కోసమే చేసిన ప్యాడ్లలో 70 జిఎస్ఎమ్ పల్చటివీ ఉంటాయి. సిరా దిగకుండా పూత ఉంటుంది కనుక అవి వెనక్కి వదలవు. రంగు పైనే మెరుస్తుంది గాని పూతల మీద పూతలు ఎక్కువ పట్టవు. ఛాయలు బాగా కలవాలంటే నున్నటి బ్రిస్టల్ మేలు. కింద మరో కాగితం పెట్టుకోవడం మాత్రం మానకూడదు. మామగారి బల్ల.

ఇక్కడ గట్టి పూర్వపక్షం ఒకటుంది. 'ఖరీదైన కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. పాడవుతుందేమోనన్న బెంగతో దాన్ని బీరువాలో పెట్టి, మళ్ళీ నోటుబుక్కే తీస్తాం' అని. ఇది చమత్కారం కాదు, నిజం. మంచి ప్యాడ్ కొని మొదటి పేజీ ఖాళీగా ఉంచుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. దీనికి సిద్ధాంతం: మొదటి పేజీలో బొమ్మ వేయకూడదు. ఉన్న మార్కర్లన్నింటితో తలా ఒక గడి నింపి, కింద నంబరు రాయాలి. మూత రంగూ, ఆరిన సిరా రంగూ ఒకటి కావు కనుక ఆ పట్టిక ఎలాగూ అవసరమే. పేజీ ఒకటి ఖర్చయ్యాక మిగతావాటి మీద భక్తి తగ్గుతుంది.

'ఆ డబ్బుకు మిక్సీ వచ్చేది' అన్న పూర్వపక్షం ఇంటి లోపలిది. దానికి సమాధానం టీకాలో ఉండదు.

ఒక హెచ్చరిక. మంచి కాగితం సిరాను వెలిసిపోకుండా కాపాడదు. ఈ మార్కర్లలో ఉండేది డై, వెలుతురుకు అది క్రమంగా పాలిపోతుంది. ఫ్రేము కట్టి ఎండ తగిలే గోడకు వేలాడదీస్తే కొన్నాళ్ళకు పువ్వు పోయి గీత మిగులుతుంది. స్కాన్ చేసి, అసలు బొమ్మను ఫైల్లో పెట్టుకోవడం మేలు.

పాఠభేదం: 'కలరసికుడ' అన్నచోట కలర్ + రసికుడు అని విడదీసి, గణం కోసం కవి ఒక రేఫను మింగాడంటారు ఒకరు. 'కల' అంటే స్వప్నమేననీ, మార్కర్లు కొని బొమ్మ వేయకుండా వేసినట్టు కలగనేవాడే రసికుడనీ ఇంకొకరు. రెండో పాఠానికే ఆధారాలు ఎక్కువ కనపడుతున్నాయి.

మీరు ఇప్పటికే నూరు కొనేసి ఉంటే పారేయకండి. పడుకోబెట్టి దాచండి, అప్పుడు సిరా రెండు మొనలకూ సమంగా అందుతుంది. ఎండిపోయినదానికి రీఫిల్ సిరా, అరిగిన మొనకు కొత్త మొన దొరికే రకమేమో అడగండి. ఈ నెల డబ్బుతో మాత్రం ఒక బ్రిస్టల్ ప్యాడ్ కొనండి.