తడిసిన వడియాలు: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "రేపు కూర్చుని మాట్లాడుకుందాం లెండి."

సందర్భం: మేడ మీది వాటావారు మోటారు కట్టెయ్యడం మరిచారు. ట్యాంకు పొంగి, డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు ముద్దయ్యాయి. వాక్యం కింది వాటా ఇల్లాలిది.

ప్రతిపదార్థం: రేపు = నడుమ ఒక రాత్రి పెట్టి; కూర్చుని = మెట్ల మీద నిలబడి కేకలేసుకోకుండా; మాట్లాడుకుందాం = అవతలివారికీ నోరుంటుందని ఒప్పుకొని; లెండి = కోపమూ పోలేదు, మర్యాదా పోలేదు.

తాత్పర్యం: విశేషమంతా ఆ రాత్రిలోనే ఉంది. బదులు చెప్పే మనిషి ఎదురుపడబోతోందని తెలిస్తే ఆలోచనలో ఆమెకూ చోటు దొరుకుతుంది. "మోటారు ఎందుకు ఆపలేదు?" అని మనసులో అడగగానే "మధ్యలో కరెంటు పోయింది, మళ్ళీ వచ్చింది చూసుకోలేదు" అన్న జవాబు అక్కడే పుడుతుంది. వెనకే "వడియాలు పెట్టామని ఒక్క మాట చెప్పాల్సింది" అన్న ఎదురు ఫిర్యాదూ వస్తుంది. నిద్ర పట్టనివ్వనిది ఈ రెండోదే.

విశేషం: అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ 1983లో ప్రచురించిన పరిశోధన దీనికి ఉపబలకం. అభిప్రాయాన్ని సమర్థించుకోవలసి వస్తుందని ముందే తెలిసి, వినేవారి మొగ్గు తెలియనివారు విషయాన్ని నాలుగు వైపుల నుంచీ చూశారు. మొగ్గు తెలిసినవారు అటే ఒరిగారు. అభిప్రాయం చెప్పేశాక, దాన్ని సమర్థించుకోవలసి వస్తుందని తెలిసినవారు దానికి దన్ను వెతుక్కోవడంలో పడ్డారని 1989 నాటి మరో పరిశోధనలో తేలింది. కనుక "కావాలనే చేశారు" అని ఇల్లాలు సాయంత్రమే వీధిలో నలుగురికీ చెప్పి ఉంటే, రాత్రి జరిగేది ఆలోచన కాదు, రిహార్సలు.

పూర్వపక్షం: మాట్లాడుకోబోతున్నామంటే చాలు, మనసు మెత్తబడుతుందని కొందరు. అది నిలవదు. గౌతముడి న్యాయసూత్రాలలో చర్చ మూడు విధాలు: నిజం తేల్చుకోవడానికి వాదం, గెలవడానికి జల్పం, సొంత పక్షమేదీ నిలపకుండా ఎదుటిది పడగొట్టడానికి వితండ. జల్పానికి సిద్ధమయ్యే మనసు మేడ మీది ఆవిడకు ఓడిపోయే మాటలే అందిస్తుంది. పైన ఆవిడ కూడా జల్పానికే సిద్ధమైతే, "మీరెప్పుడూ మోటారు ఆపరు" అన్నదానికి "ఎప్పుడూనా? శుక్రవారం ఆపాంగా!" అంటుంది. దీని పేరు ఛలం. జల్పంలో దీనికి శాస్త్రానుమతి ఉంది.

పాఠాంతరం: "మీతో మాకేం మాటలు లెండి." ఈ పాఠంలో రేపు లేదు, కూర్చోవడం లేదు. అవతలివారి తరఫున జవాబు వెతకవలసిన పని లేదు గనక కరెంటు సంగతి ఎవరికీ తట్టదు. వ్యాఖ్యాతలు మొదటి పాఠాన్నే గ్రహించారు. వాటాలలో ఎక్కువగా వినిపించేది మాత్రం రెండోది.