చేయి తిరిగినవాడికి చీటీ కావాలట!

పని రావడం వేరు, పని వచ్చని సర్కారు నమ్మడం వేరు. మొదటిది కష్టపడితే వస్తుంది. రెండోదానికి ఆధార్ నంబరు, పాస్‌పోర్టు సైజు ఫోటో, ఓటీపీ కావాలి.

ముప్ఫై ఏళ్లుగా ఇళ్లు కడుతున్న తాపీ మేస్త్రీ సంగతే చూడండి. ఆయన బడి పరంజా, పాఠాలు పెద్ద మేస్త్రీ తిట్లు. ఆయన కట్టిన ఇళ్లలో ఇంజినీర్లు, లెక్చరర్లు, నైపుణ్యాభివృద్ధి అధికారులు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారు. అయినా ఆయనకు పని వచ్చో రాదో ఇంకా తేలలేదట! 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో అది తేల్చడానికే ఆర్‌పీఎల్ అని ఒక ఏర్పాటు పెట్టారు. ఇదివరకే నేర్చుకున్నదాన్ని గుర్తించడం అన్నమాట. ఆలోచనకు వంక పెట్టలేం. ఆచరణలో మాత్రం 12 గంటల ఓరియంటేషన్, ఒక పరీక్ష, ఒక సర్టిఫికెట్టు. ముప్ఫై ఏళ్ల పనివాడికి పన్నెండు గంటల్లో ఆయన పనే పరిచయం చేశారు! పాసైనవారికి 500 రూపాయల బహుమతి కూడా పెట్టారు. అందుకోసం పోగొట్టుకున్న కూలి అంతకంటే ఎక్కువన్న సంగతి మేస్త్రీ లెక్కలో ఉంటుంది గానీ పథకం లెక్కలో ఉండదు.

పథకం లెక్కలంటే గుర్తొచ్చింది. వాటిని తిరగేసిన కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. లబ్ధిదారుల బ్యాంకు ఖాతా నంబరు ఉండాల్సిన గడిలో చాలాచోట్ల సున్నాలు, ఖాళీలు, వరుసగా ఒకట్లు కనిపించాయట. ఒకే ఫోటో పలువురికి సరిపోయిందట. బడికి పోని మేస్త్రీ సిమెంటు సంచి మీద గీసుకునే కొలతల్లో కూడా ఇన్ని తప్పులుండవు. ఆయన నేర్పును కొలవడానికి వచ్చిన వ్యవస్థ ఇది!

ఇక మెట్ల ముచ్చట. 2013లో, నేర్పును స్థాయిలుగా కొలిచే జాతీయ నైపుణ్య అర్హతల చట్రానికి పది మెట్లు కట్టారు. 2023లో వాటిని ఎనిమిదికి కుదించి, నడుమ మూడున్నర, నాలుగున్నర అంటూ అరమెట్లు పేర్చారు. మేస్త్రీ ఏ మెట్టు మీదున్నాడో పోర్టల్ చెబుతుంది. అది ఎక్కితే కూలి ఎంత పెరుగుతుందో చెప్పదు. అడ్డా మీద మనిషిని పిలిచే కాంట్రాక్టరు లెవల్ అడగడు, రేటు అడుగుతాడు.

ఇది చేయి తిరిగినవారి కథ. చేయి కదపనివారి కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో మన కాలేజీలు వెబినార్ల మీద వెబినార్లు పెట్టాయి. లింకు నొక్కి, మైకూ కెమెరా ఆపేసి, పప్పుకు పోపు పెట్టుకుని వచ్చి, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే చాలు. రంగుల అంచుతో, మూడు సంతకాలతో ఈ-సర్టిఫికెట్టు మెయిల్లో వాలేది. క్విజ్‌లు మరీ దయగలవి. తప్పితే మళ్లీ రాయొచ్చు, అదీ తప్పితే మళ్లీ. మాట్లాడిన మహానుభావుడెవరో ఎవరికీ గుర్తులేదు. సర్టిఫికెట్టు మాత్రం ప్రమోషన్ ఫైల్లో భద్రంగా ఉంది.

ఆన్‌లైన్లో నిజంగా నేర్చుకున్నవారు లేరా? ఉన్నారు. యూట్యూబ్ చూసి సెల్‌ఫోన్ మరమ్మతు నేర్చుకుని షాపు పెట్టిన కుర్రాళ్లు ఏ మండల కేంద్రానికి వెళ్లినా కనిపిస్తారు. వాళ్లకు కాగితం లేదు. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా సర్కారు ఆన్‌లైన్ చదువుల పోర్టల్ స్వయం నుంచి తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతిచ్చింది. సంతోషం. కాకపోతే ముందు ఏదో ఒక కాలేజీలో సీటుండాలి. కాగితం ఉన్నవాడికే ఇంకో కాగితం!

పని ఉండి కాగితం లేనివారికీ, కాగితం ఉండి పని లేనివారికీ నడుమ హైదరాబాద్ అమీర్‌పేట ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో జావా, టెస్టింగ్ నేర్చుకుని అమెరికా దాకా వెళ్లినవారు ఎందరో. నేర్చుకున్నది అసలైనదే. కంపెనీలు దాన్ని చూడకుండా మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ చూపించమన్నాయి. కొందరు ఆ ఎక్స్‌పీరియన్సే పెట్టించుకున్నారు. అక్కడ పని అసలు, కాగితం నకిలీ. వెబినార్లో కాగితం అసలు, పని నకిలీ. పట్టుబడితే మొదటివాడి ఉద్యోగం ఊడుతుంది. రెండోవాడు పట్టుబడే ప్రశ్నే లేదు, ప్రమోషన్ వస్తుంది. దొంగ కాగితాన్ని వెనకేసుకు రావడం లేదు. కాగితం తప్ప మరేదీ చూడనిచోట దొంగ కాగితాలు పుట్టక ఏం పుడతాయి?

పని చూసి గుర్తించడం మనకు తెలియని విద్యేమీ కాదు. కారు నడపడం ఎక్కడ నేర్చుకున్నావని ఆర్టీవో ఆఫీసు అడగదు. మామయ్య పక్కన కూర్చుని నేర్పినా సరే, ట్రాక్ మీద బండి ఎలా తిప్పావన్నదే పరీక్ష. ఏజెంటు ఎవరన్నదే పరీక్షయ్యే చోట్లూ ఉన్నాయి గానీ, అది వేరే వ్యాసం. రవాణా వాహనం నడిపేవాడు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కూడా కేంద్రం 2019లో ఎత్తేసింది. అంతకు ఎంతో ముందే, 1982లో పుట్టిన ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, చదువు కాగితాలు లేనివారిని అర్హత పరీక్షతో డిగ్రీలోకి రానిచ్చింది.

కాబట్టి చేయాల్సింది కొత్త పోర్టల్ కాదు. మేస్త్రీ కట్టిన గోడకు తూకం గుండు పట్టండి. పట్టేవాడికి గోడ కట్టడం వచ్చి ఉండాలి. పాసైనవాడి కాగితానికి సర్కారు తన సొంత పనుల్లోనైనా కూలి పెంచి ఇవ్వాలి. లేకపోతే ఆ కాగితం ఎందుకు?

మొదటి బ్యాచ్‌గా మాత్రం ఈ విధానాలు రాసినవారినే పిలుద్దాం. తలా ఒక తాపీ, రెండు తట్టల మాలు, వంద ఇటుకలు. మార్కులు పెద్ద మేస్త్రీ వేస్తాడు. గోడ పడిపోయినవారు దిగులు పడక్కర్లేదు. పాల్గొన్నందుకు ఈ-సర్టిఫికెట్టు ఎలాగూ పంపిస్తాం. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపడం మరిచిపోకండి.