నల్లచుక్క లేనివాడు: టీకా తాత్పర్య సహితము

మూలము

ఎనిమిదవ నాటికి నల్లచుక్క లేనివా డొక్కడు:
తూర్పు మాయెగషిరా 17, తకెరుఫుజి.
మిగిలినవి 7 నాళ్లు.

అవతారిక

2024 మార్చి 17, ఆదివారం. ఒసాకాలో వసంతకాలపు సుమో పోటీ సరిగ్గా నడిమికి వచ్చింది. ఆ సాయంత్రానికి పట్టిక చెప్పిన సంగతిని మూడు పాదాలకు కుదించి మూలంగా పెట్టుకున్నాను. జపానులో సాయంత్రం ఆరు అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర, అనగా పెరుగన్నం తిని నడుం వాల్చే వేళ. ఈ టీకలో ఎక్కడైనా నిద్ర ఛాయలు కనబడితే పాఠకులు మన్నించాలి. మెదకు సీమవాడైన కొలాచల మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేని మాట ఒక్కటి రాయనని పట్టింపు పెట్టుకున్నాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు. నాకు దొరికింది మూడు పాదాలు. ఆ పట్టింపులో సగం పాటిస్తాను.

ప్రతిపదార్థము

ఎనిమిదవ నాటికి = పదిహేను దినాల పోటీలో నకాబి అనబడే నడిమి దినానికి; నల్లచుక్క = ఓటమి; లేనివాడు = ఇంతవరకు ఎరుగనివాడు; ఒక్కడు = ఒక్కడే; తూర్పు = బంజుకె అనే హోదాల పట్టికలో కుడివైపు; మాయెగషిరా 17 = (ఇది టీకలో తేలవలసిన మాట); తకెరుఫుజి = ఆ పేరుగల మల్లుడు; మిగిలినవి = ఇక జరగవలసినవి; 7 నాళ్లు = ఏడు కుస్తీలు.

టీక

"ఎనిమిదవ నాటికి". పై తరగతి మల్లుడు రోజుకొక్క కుస్తీ పడతాడు. పదిహేనింట ఎనిమిది గెలిస్తే కచికోషి, అంటే హోదా నిలిచినట్టే. అన్నీ గెలిచినవాడికి ఆ ఎనిమిది నడిమి దినానికే చేతికందుతాయి. కొలువు ఖాయమైంది కనుక మర్నాటినుంచి హాయిగా ఓడిపోవచ్చు. అలా అనుకున్న మల్లుణ్ణి నేనింతవరకు చూడలేదు.

"నల్లచుక్క". జపానువారు గెలుపును తెల్లచుక్క అని, ఓటమిని నల్లచుక్క అని అంటారు. చుక్క అంటే నక్షత్రమే. పట్టిక పేరే చుక్కల పట్టిక. ఇక్కడ శిష్యుడికి శంక పుడుతుంది: "అయ్యా, పోటీలో ముందున్నదెవరో చెప్పేటప్పుడు గెలుపులు లెక్కపెట్టాలి గాని, 'ఒక ఓటమివారు, రెండు ఓటములవారు' అని ఈ వరసలేమిటి?" దీనికి సమాధానం. గెలుపు రేపూ రావచ్చు, ఎల్లుండీ రావచ్చు. ఓటమి మాత్రం పడిందంటే పోటీ ముగిసేదాకా పక్కనే కూర్చుంటుంది. వెనక ఉన్నవాడు ఎన్ని తెల్లచుక్కలు పోగేసినా ముందున్నవాడికి ఒక నల్లచుక్క పడేదాకా ఆశ లేదు. అందుచేత పట్టిక చూసే ప్రతివాడూ వెతికేది నలుపునే.

మన ఇళ్లలో బిడ్డ మరీ ముద్దుగా ఉంటే బుగ్గన నల్లచుక్క పెడతాం. దాన్ని దిష్టిచుక్క అంటాం. ఇతడికి ఎనిమిది దినాలైనా ఎవరూ పెట్టలేదు. ఈ మాట మూలంలో లేదు, ఒప్పుకుంటాను.

"తూర్పు మాయెగషిరా 17". బంజుకెను కుంచెతో చేతిరాతగా రాస్తారు. అందరికంటె పై హోదా యొకొజునల పేర్లు లావుగా, తరువాతి హోదా ఓజెకిలవి అంతకంటె కాస్త సన్నంగా, దిగినకొద్దీ అక్షరం చిక్కిపోతుంది. పై తరగతిలో 42 మంది. ఈ పోటీకి ఒక యొకొజున, నలుగురు ఓజెకిలు, ఇద్దరు సెకివాకెలు, ఇద్దరు కొముసుబిలు పోగా 33 మంది మాయెగషిరాలు. తూర్పున ఒకరు, పడమట ఒకరు చొప్పున పదహారు జతలు కట్టాక ఒక్కడు మిగులుతాడు. వాడే ఇతడు. పంక్తిలో చిట్టచివరి విస్తరి ముందు కూర్చున్నవాడికి తొలి వడ్డన అందిందన్నమాట. పైగా పై తరగతిలో ఇది మొదటి పోటీ. జుట్టు ఇంకా పెరగక, పెద్ద మల్లులు వేసుకునే జింకో ఆకు ముడి వేయడానికి చాల్లేదు. ఊరక పిలక కట్టుకుని బరిలోకి దిగేవాడు.

"తకెరుఫుజి". తకెరు అని చదివే అక్షరానికి గౌరవింపదగినవాడని అర్థం. ఫుజి కొండపేరే. ఇతడి ఇసెగహమ తాలింఖానాలో చాలామంది పేర్ల చివర ఆ కొండ ఉంటుంది. వాళ్ల అప్పటి వస్తాదు పూర్వం అసహిఫుజి అనే యొకొజున. పేరుకు ఇంతకంటె వ్యాఖ్య అక్కర్లేదు.

"మిగిలినవి 7 నాళ్లు". మూలం ఆయువుపట్టు ఇది. శిష్యుడు మళ్లీ అడ్డుపడతాడు: "ఎనిమిది అయ్యాయి, ఏడే మిగిలాయి. సగం పైచిలుకు గట్టెక్కినట్టే గదా?" నాయనా, దినాలు లెక్కపెడితే అంతే. బరువు తూచి చూడు. ఎవరితో ఎవరు తలపడాలో తీర్పరుల మండలి ఒకటి రెండు రోజుల ముందుగా నిర్ణయిస్తుంది. తొలి వారంలో చివరివాడికి చివరివాళ్లే జోడు. అలాంటివాడు అలాగే గెలుస్తూ పోతే మండలి పట్టిక వైపు చూస్తుంది. పట్టికలో పేరు పైకెక్కిందంటే ఓజెకిల తాలింఖానాలకు కబురు వెళ్లినట్టే. మామూలుగా పదిహేడో నంబరువాడికి ఓజెకి ఎదుటపడే యోగమే లేదు. ఇతడికి పదో నాడు ఒనొసాతో అనే మల్లుడు, పదకొండో నాడు ఓజెకి కొతొనొవాక, పన్నెండో నాడు మరో ఓజెకి హోషోర్యూ ఎదురయ్యారు. తొలి ఎనిమిదీ ఎత్తుపల్లాల్లేని బాట, తరువాతి ఏడూ కొండమెట్లు. నడిమి దినమన్న మాటకు కాలంలోనే గాని కష్టంలో అర్థం లేదు.

ఒక్క మినహాయింపు. ఒకే తాలింఖానావారిని ఎదురెదురు నిలపరు. చివరినాడు సమానమై తేల్చుకోవలసి వస్తే తప్ప. పోటీలోని ఏకైక యొకొజున తెరునొఫుజిది ఇసెగహమే. అతడు ఇతడికి ఎదురుపడే ప్రశ్నే లేదు. ఆ పైన ఏడో నాటికే పోటీనుంచి తప్పుకున్నాడు. అతడి పాత్ర ఇక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు.

పాఠాంతరము

2020 జూలై పోటీలో కూడా తూర్పు మాయెగషిరా 17 స్థానంలోని ఇసెగహమ మల్లుడే 13 గెలిచి 2 ఓడి కప్పు ఎత్తుకున్నాడు. అతడు ఈ తెరునొఫుజే. ఒకప్పుడు ఓజెకి; మోకాళ్లు, మధుమేహం కలిసి కిందినుంచి రెండో తరగతిదాకా తోసేస్తే అక్కణ్ణుంచి పాకి వచ్చాడు. పదిహేడు అన్న అంకెకు ఆ తాలింఖానాలో అర్థం వేరు.

తాత్పర్యము

పదకొండు దినాలు వరసగా గెలిచి, పై తరగతిలో అడుగుపెట్టిన పోటీలో 1960లో తైహో పెట్టిన లెక్కను ఇతడు అందుకున్నాడు. పన్నెండో నాడు హోషోర్యూ దిష్టిచుక్క పెట్టాడు. పద్నాలుగో నాడు అసనొయామ చేతిలో రెండో చుక్క. దానితోపాటు కుడి చీలమండ దెబ్బతిని అంబులెన్సులో ఆసుపత్రికి. అప్పటికి ఇతడికి రెండు నల్లచుక్కలు, ఒనొసాతోకు మూడు. చివరినాడు ఇతడు ఓడి అతడు గెలిస్తే ఇద్దరూ సమానం. ఇక మానుకుందామనుకున్నవాడితో, నువ్వైతే చేయగలవని ఆ రాత్రి చెప్పినవాడు తెరునొఫుజి. మర్నాడు కట్టు కట్టుకుని దిగి గొనొయామను పడగొట్టాడు. లెక్క 13కు 2. తొలి పోటీలోనే కప్పు గెలవడం 1914లో ర్యోగొకు తరువాత 110 ఏళ్లకు ఇదే. మూడు ప్రత్యేక బహుమతులూ ఇతడివే.

ఆక్షేపము

ఇంతా విని శిష్యుడు చివరి శంక తీశాడు. మే నెల పోటీకి చీలమండ మానక తకెరుఫుజి బరి తొక్కనేలేదు; పదిహేను నాళ్లూ సెలవు గుర్తులే. కాబట్టి ఆ మే నెల ఎనిమిదో నాడు కూడా అతడు నల్లచుక్క లేనివాడే. మూల లక్షణం అక్కడా వర్తిస్తోంది; ఇది అతివ్యాప్తి దోషం కాదా? అవును, దోషమే. "నల్లచుక్క లేనివాడు" అన్నచోట "తెల్లచుక్కలు గలిగి, నల్లచుక్క లేనివాడు" అని దిద్దుకోవాలి. ఆ మే నెల కప్పు పట్టుకుపోయినవాడు ఒనొసాతో. అతడికి మూడు నల్లచుక్కలు. జింకో ఆకు ముడికి చాలేంత జుట్టు అతడికీ లేదు.