రోగి కోరిందీ పెగ్గే

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి ఆరోగ్యం పేజీలకీ వాట్సాప్ గ్రూపులకీ ఒకే పూనకం వస్తుంది. అప్పటిదాకా మెంతులు, చిరుధాన్యాలు, మోకాళ్ల నొప్పులు అంటూ బుద్ధిగా నడిచిన వైద్యం ఉన్నట్టుండి గ్లాసు చేతపట్టుకుంటుంది. పండగ పూట తాగుతూ ఆరోగ్యంగా ఉండటం ఎలా? ఖాళీ కడుపుతో కూర్చోకండి. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య గ్లాసుడు నీళ్లు తాగండి. కూల్‌డ్రింకు బదులు సోడా కలపండి. వేపుళ్లు మాని ఉడికించిన శనగలు తినండి. అన్నీ అయ్యాక చివర్లో, పెళ్లి శుభలేఖలో బంధుమిత్రుల అభినందనల్లా, 'మితంగా' అని ఒక్క ముక్క. ఆ మితం ఎంతో ఎవరి గ్లాసు వాళ్లకి చెబుతుంది.

ఈ సూత్రాలను తు.చ. తప్పకుండా పాటించే మహానుభావుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా బావ. చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ, మూణ్నెల్లకోసారి షుగరు పరీక్ష, అన్నం మానేసి కొర్రలు. ముప్పై ఒకటో తారీఖు రాత్రి మేడ మీద సిట్టింగ్ అంటే సాయంత్రానికే కీరా, క్యారెట్ తరిగించి పెడతాడు.

"ఏంటి బావా, మంచింగ్ పథ్యం భోజనంలా ఉంది?" అన్నాను పోయినేడు.

"ఆరోగ్యం మన చేతిలోనే ఉందిరా" అన్నాడు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది గ్లాసు.

మొదలుపెట్టే ముందు కాలేయానికని రెండు మాత్రలు వేసుకుంటాడు. కొట్టబోయే చోట ముందే వెన్న రాయడం లాంటిదన్నమాట. కడుపు నిండా తిని కూర్చుంటే మందు నెమ్మదిగా ఎక్కుతుందన్నది నిజమే. కానీ బావ దాన్ని అర్థం చేసుకునే తీరు వేరు. "చూశావా, ఇంకా ఎక్కలేదు" అని ఇంకోటి పోస్తాడు. నీళ్లు తాగితే ఒళ్లు ఎండిపోదు, అదీ నిజమే. "నీళ్లు తాగాను కదా" అని మరోటి పోస్తాడు. నేను చూసినంతలో ఆరోగ్య సూత్రమంటే ఇంకో పెగ్గుకి పర్మిట్టే. ఏ సూత్రమూ గ్లాసు కింద పెట్టించిన పాపాన పోలేదు.

లెక్కంటే బావకి ప్రాణం కాబట్టి ఆయన లెక్కే చేద్దాం. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. అంటే క్వార్టరులో అచ్చమైన ఆల్కహాలు అరవై గ్రాములు. గ్రాముకి ఏడు కేలరీలు, మొత్తం నాలుగు వందల ఇరవై. ఏడెనిమిది ఇడ్లీల పెట్టు. సోడా కలిపారా, నీళ్లు కలిపారా, గంగాజలం కలిపారా అని ఆ అరవై గ్రాములు అడగవు. కాలేయం గంటకి ఏడు నుంచి పది గ్రాముల దాకా వదిలించుకోగలదు. మునిసిపల్ కుళాయిలాగా దానికో వేగం ఉంది, ఎంత పెద్ద బిందె పెట్టినా ధార పెరగదు. ఒక్క క్వార్టరుకే ఆరు నుంచి ఎనిమిదిన్నర గంటలు. పన్నెండింటికి హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకుని పొద్దున్నే గుడికి బండి తీసిన భక్తుడి రక్తంలో అభిషేకం ఇంకా నడుస్తూనే ఉంటుంది. కాఫీకీ, చన్నీళ్ల స్నానానికీ, మజ్జిగలో పిండిన నిమ్మకాయకీ ఆ వేగాన్ని పెంచే శక్తి లేదు. మెలకువ తెప్పిస్తాయేమో, మత్తు దించవు.

బావ మా అక్కకి కూడా ఒక గ్లాసు రెడ్ వైన్ ఇస్తాడు. గుండెకి మంచిదట. ఈ పుణ్యం 1991లో అమెరికాలో వచ్చిన ఒక టీవీ కార్యక్రమానిది. ఫ్రాన్సు వాళ్లు వెన్న, చీజు లాగించినా గుండెజబ్బులు తక్కువ, దానికి కారణం రెడ్ వైన్ కావచ్చు అన్నారు. 'కావచ్చు' అన్న మాట సముద్రం దాటేలోపు ఎక్కడో జారిపోయింది. వైన్ అమ్మకాలు మాత్రం జారలేదు, ఎగిరాయి. కొంచెం తాగేవాళ్లు అసలు తాగనివాళ్లకంటే ఆరోగ్యంగా ఉన్నారని తేల్చిన అధ్యయనాల్లో కొన్నిటి తమాషా తర్వాత బయటపడింది. 'తాగనివాళ్ల' జాబితాలో జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లనీ కలిపేశారు. మంచం పట్టినవాడితో పరుగుపందెం పెట్టి గెలిచినట్టు.

ఇక బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయన్న సిద్ధాంతం. ఇది ఏ మెడికల్ కాలేజీలో పుట్టిందో గానీ మన పల్లెల్లో రచ్చబండ రచ్చబండకీ ఒక ప్రొఫెసరున్నాడు. బీరు తాగితే మాటిమాటికీ లేవాల్సి వస్తుంది, అంతవరకే నిజం. ఒంట్లో నీళ్లు పోతాయి, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, అదే కొందరికి కొత్త రాళ్లకి పునాది. చలికి బ్రాందీ సంగతీ అంతే. చర్మం వెచ్చబడుతుంది, లోపలి వేడి బయటికి పోతుంది.

ఒకే మాటతో మందులనీ మందునీ పిలుచుకునే జాతి మనది, కొంత తికమక సహజమే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి తెలుగు రాదు. 2023 జనవరిలో అది తేల్చి చెప్పింది: ఆరోగ్యానికి హాని చెయ్యని మోతాదు అంటూ ఏదీ లేదని. దాని క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని పొగాకు ఉన్న వరసలో కూర్చోబెట్టింది. ఆరోగ్యంగా సిగరెట్ కాల్చడం ఎలా అని ఎవరైనా రాస్తే నవ్వుతాం. మందు గురించి రాస్తే మాత్రం కత్తిరించి ఫ్రిజ్‌కి అంటిస్తాం.

తాగేవాళ్ల మీద నాకు పేచీ లేదు. తాటితోపులో లొట్టి ముందు కూర్చున్న పెద్దాయన సరదాకి తాగుతున్నానంటాడు, యాంటీఆక్సిడెంట్ల ఊసెత్తడు. అదే క్వార్టరు కూలివాడు తాగితే వ్యసనం, కీరా ముక్కలు పక్కన పెట్టుకుని మేడ మీద తాగితే జీవనశైలి అవుతుందే, దాంతోనే పేచీ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు, మా మగాళ్లకి నంజుకోవడానికి ఉడికించిన శనగలు పెట్టండని అడగలేదు. ఎత్తెయ్యమన్నారు.

ప్రభుత్వం వారిదీ ఆరోగ్య దృష్టే. ముప్పై ఒకటి రాత్రి అమ్మకాల వేళలు ఒక చేత్తో పొడిగిస్తారు, రెండో చేత్తో ఫ్లైఓవర్లు మూసి మూతి దగ్గర గొట్టం పెడతారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. ఖజానాకి రెండు చేతులా ఆదాయం.

పండగలప్పుడు తాగి గుండె లయ తప్పి ఆసుపత్రికి వచ్చేవాళ్లను చూసి, 1978లో అమెరికా డాక్టర్లు ఈ జబ్బుకి ఏకంగా 'హాలిడే హార్ట్' అనే పేరే పెట్టారు. అంతకుముందు గుండెజబ్బు లేనివాళ్లకీ వస్తుందది. ఈ సంగతి జనవరి ఒకటో తారీఖు పొద్దున బావకి చెబుదామని వెళ్లాను. సోఫాలో మజ్జిగ గ్లాసుతో ఉన్నాడు. చేతి వాచీ ఉండుండి వణుకుతోంది. గుండె వేగం ఎక్కువగా ఉంది, విశ్రాంతి తీసుకోమంటోంది.

బావ దాన్ని విప్పి టీపాయ్ మీద పడేశాడు.

"వాచీ పాడైనట్టుందిరా. సంక్రాంతి ఆఫర్లలో మంచిది చూడు."